వెనుకబడిన వాని అడుగు

(రేడియోలో ప్రసారమైన వాక్య సందేశము)
ధ్యాన భాగము: ఆదికాండము 33:12-14, హెబ్రీయులకు 12:1, 12-13

  వంట పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, ఆటో ఆపుకొని వింటున్న తమ్ముళ్లకు, ఈ పేజీ చేతిలో పట్టుకొని చదువుతున్న మీకు, దేవుడు ఈ మాటల ద్వారా మేలు కలుగజేయును గాక.

బైబిలు దగ్గరుంటే ఆదికాండము 33వ అధ్యాయము తెరవండి. ఇరవై సంవత్సరాల తరువాత యాకోబు, ఏశావు కలుసుకున్నారు. ఏశావు వెనుక 400 మంది మనుషులున్నారు. యాకోబు గుండె ఎలా కొట్టుకొన్నదో మీరు ఊహించుకోవచ్చు. కాని ఏశావు పరుగెత్తికొని వచ్చి తమ్ముని కౌగిలించుకొన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. అప్పుడు ఏశావు, ఇక బయలుదేరుదాం, నేను నీకు ముందుగా నడుస్తాను అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. దానికి యాకోబు చెప్పిన జవాబు చూడండి. నా దగ్గర చిన్న పిల్లలున్నారు, పాలిచ్చే గొఱ్ఱెలు, పశువులు ఉన్నాయి, ఒక్క దినము వీటిని గట్టిగా తోలితే మంద అంతా చచ్చిపోతుంది, కాబట్టి నువ్వు ముందు వెళ్లు, నేను పిల్లల అడుగునుబట్టి, పశువుల అడుగునుబట్టి మెల్లగా వస్తాను అన్నాడు.

ఈ జవాబులో అన్నను తప్పించుకొనే ఎత్తు కూడా కొంత ఉందని సెమినరీలో మా అధ్యాపకులు చెప్పేవారు. నిజమే, యాకోబు శేయీరుకు వెళ్లలేదు, సుక్కోతుకు వెళ్లాడు. అయినా ఆ మాటలో ఒక కాపరి హృదయమున్నది. మంద వేగం ఎంత? ముందు నడిచే పొట్టేలు వేగం కాదు. వెనుక నడిచే పాల గొఱ్ఱె వేగమే మంద వేగం.

ప్రియులారా, ఈ వాక్యమును నేను ఎన్నోసార్లు చదివాను, ప్రసంగించాను కూడా. కాని దాని అర్థము నాకు పుల్పిట్ మీద తెలియలేదు. కడప జిల్లాలో ఒక లోయ అంచున, చెమటతో తడిసి, సిగ్గుతో తల వంచుకొని నిలబడినప్పుడు తెలిసింది. ఆ సంగతి ఈ వేళ మీ ముందు ఒప్పుకొంటున్నాను.

మేము నలుగురు స్నేహితులము. గవర్నర్‌పేట సందుల్లో కలిసి గోళీలు ఆడిన వాళ్లం. ఒకాయన బ్యాంకులో ఉద్యోగి. ఒకాయన స్కూలు మాస్టారు. నేను దేవుని సేవలోనికి వచ్చాను. నాలుగో అతను సింగ్‌నగర్‌లో చిన్న ప్రింటింగ్ ప్రెస్ పెట్టుకొన్నాడు. మా సంఘపు కూటాల కరపత్రాలు, పెండ్లి శుభలేఖలు, ఆదివారపు పాటల కాగితాలు, అన్నీ అతని దగ్గరే వేయించేవాళ్లం. ఈ సంగతి అతని అనుమతితోనే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పవద్దురా అన్నాడు. చెప్పను.

నలభై దాటిన తరువాత డాక్టరుగారు నాకు షుగరు వచ్చే గీత మీద ఉన్నావని చెప్పారు. అలా నలుగురం తెల్లవారుజామున పరుగు మొదలుపెట్టాం. అయిదు గంటలకు గవర్నర్‌పేటలో కలుసుకొని, కృష్ణ ఒడ్డుకు చేరి, ప్రకాశం బ్యారేజి మీదుగా సీతానగరం వైపు వెళ్లి తిరిగి వచ్చేవాళ్లం. మొదట బ్యారేజి దాటేసరికే ఆయాసం వచ్చేది. ఏడాది గడిచేసరికి పది, పదిహేను కిలోమీటర్లు కష్టం లేకుండా పరుగెత్తగలిగాం. అందరికంటే నేనే వేగం. ఈ మాట చెప్పడానికి అప్పట్లో నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అలా ఉండగా 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఆ వాన వచ్చింది. బెజవాడ వారికి వేరే చెప్పనక్కరలేదు. బుడమేరు కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ మునిగిపోయింది. అదే సమయంలో బ్యారేజి దగ్గర కృష్ణకు 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. 2009 వరదను మించిన వరద అది. సైన్యం కూడా వచ్చి గండ్లు పూడ్చేసరికి దాదాపు వారం పట్టింది. మన సంఘాలు ఆ దినాల్లో బాగా పని చేశాయి. అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, బియ్యం, దుప్పట్లు మోసుకొని వెళ్లాం. నేను కూడా పడవ ఎక్కి వెళ్లాను. నా స్నేహితుని ఇంటికి బియ్యం ఇచ్చి వచ్చాను. అతని ప్రెస్‌లో ఆఫ్‌సెట్ మిషను నీళ్లలో మునిగి, పేపరు రీములు ఉబ్బి ముద్దలై ఉండగా చూశాను. దేవుడున్నాడురా, ధైర్యంగా ఉండు అని భుజం తట్టి వచ్చాను.

తరువాత నీళ్లు తీశాయి. పేపర్లలో వార్తలు తగ్గిపోయాయి. మేమూ మా పనుల్లో పడ్డాం.

2025 ఫిబ్రవరిలో మా బ్యాంకు స్నేహితుడు ఒక ఆలోచన చెప్పాడు. బ్యారేజి మీద ఎన్నాళ్లు పరుగెత్తుతాం, ఒకసారి గండికోట వెళదాం, జమ్మలమడుగు నుండి కోట దాకా, అక్కడ లోయలోకి దిగి, ఎక్కి, మళ్లీ జమ్మలమడుగు దాకా పరుగెత్తి వద్దాం అన్నాడు. కోటకు ఒకవైపు దూరమే 15 కిలోమీటర్లు. రానుపోను 30 పైనే. ప్రెస్ స్నేహితుడు ఆ మధ్య పరుగుకు సరిగా రావడం లేదు. వస్తే నీకూ మనసు తేలిక పడుతుందిరా అని మేమే బలవంతం చేసి తీసుకొని వెళ్లాం. రాత్రంతా కారులో వినుకొండ, గిద్దలూరు, ప్రొద్దుటూరు మీదుగా ప్రయాణించి, తెల్లవారకముందే జమ్మలమడుగు చేరాం.

గండికోట చూడనివారికి రెండు మాటలు చెబుతాను. నంది కొండల దగ్గర పుట్టిన పెన్నా నది అనంతపురం దాటి వచ్చి, అక్కడ ఎర్రమల కొండలను చీల్చుకొని వెళుతుంది. ఎర్రని రాతి గోడలు రెండు వైపులా నిలువుగా లేచి ఉంటాయి. లోతు సుమారు 300 అడుగులు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో దానిని పోల్చి చెబుతుంటారు. ఆ లోయ అంచునే కోట. అందులో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, పాత ధాన్యాగారం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1650లో మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకొన్నాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడికి వచ్చి చూసి వ్రాసిపెట్టాడు.

గండి అనే మాట గమనించండి. మన డెల్టాలో గండి అంటే భయం. కాలువకు గండి పడింది అంటే చేలు పోయాయి, ఇళ్లు పోయాయి అని అర్థం. ఆ సీమలో గండి అంటే కొండల మధ్య నది చేసుకొన్న దారి. మాట ఒక్కటే. కొందరి బ్రతుకును ముంచినది అదే, కొందరికి దారి అయినది అదే. ఆ వేళ మా నలుగురిలో ఒకని లోపల బుడమేరు గండి ఇంకా పూడలేదు. ఆ సంగతి మేము ఎరుగము.

చీకటి ఉండగానే ప్రార్థించుకొని బయలుదేరాం. ఎక్కుడు బాట. చల్లగా ఉంది. సూర్యుడు వచ్చేసరికి కోట కనబడింది. రాళ్ల మీద నిలబడి లోయలోకి తొంగి చూసినప్పుడు నాకు మాట రాలేదు. పర్వతములు పుట్టకమునుపే ఉన్న దేవుని గూర్చి మోషే పాడిన 90వ కీర్తన గుర్తుకు వచ్చింది. అక్కడి నుండి బండల మధ్య నడకదారిన నీళ్ల దాకా దిగాం. దిగేటప్పుడు నలుగురం నవ్వుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటూ దిగాం. నీళ్లు ముఖాన చల్లుకొన్నాం. ఫొటోలు దిగాం.

దిగుడు ఎప్పుడూ అందరినీ కలిపి ఉంచుతుంది. ఎక్కుడు వచ్చినప్పుడే ఎవరి బలం ఎంతో తెలుస్తుంది. గ్రాండ్ కాన్యన్‌లో ఒక అంచు నుండి లోయలోకి దిగి, రెండో అంచుకు ఎక్కి, ఒకే దినమున దాదాపు 38 కిలోమీటర్లు పరుగెత్తేవారున్నారు. అక్కడి పార్కు అధికారులు వచ్చినవారికి ఇచ్చే హెచ్చరిక ఇదే: దిగడం మీ ఇష్టం, ఎక్కడం మాత్రం తప్పదు. పర్వతారోహణలో అలసినవాడు వెనుదిరిగి దిగిపోవచ్చు. లోయలో అలసినవానికి ఇంటి దారి పైకే ఉంటుంది. అందుకే అక్కడ ఏటా ఎందరినో సిబ్బంది వెళ్లి రక్షించవలసి వస్తుంది.

నేను ఎక్కడం మొదలుపెట్టాను. చేతి గడియారంలో నిమిషాలు లెక్క పెట్టుకుంటూ ఎక్కాను. మాస్టారు నా వెనుక, బ్యాంకు స్నేహితుడు అతని వెనుక. నాలుగో అతను కొంచెం ఆగి వస్తాను, మీరు వెళ్లండిరా అన్నాడు. వెళ్లాం. నేను వెనుదిరిగి కూడా చూడలేదు. పైకి చేరి, నీడన కూర్చొని అరటిపండ్లు తిన్నాం. పది నిమిషాలు అయ్యాయి. ఇరవై అయ్యాయి. వస్తాడులే అనుకొన్నాం. నలభై నిమిషాలు అయ్యేసరికి మేకలను తోలుకుంటూ ఒక ముసలమ్మ ఆ దారినే పైకి వచ్చింది. మమ్మల్ని చూసి నిలబడి అడిగింది.

"ఏం నాయనా, మీ జతగాడు ఆడ రాయి కింద కూచోనుండాడు. మొగం పాలిపోయిండాది. వాన్ని ఇడిసిపెట్టి మీరీడ కూచోనుండారా?"

ఆ ప్రశ్నకు జవాబు లేదు. నీ తమ్ముడెక్కడ అని దేవుడు కయీనును అడిగిన ప్రశ్న అది.

ముగ్గురం దిగాం. అతను ఒక బండ నీడన వెనక్కి ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పిక్కలు పట్టేశాయి, కళ్లు తిరిగాయి, కడుపులో వికారం. చేతిలో సత్తు గ్లాసు. ఆ ముసలమ్మ తన సద్దిలోని మజ్జిగలో ఉప్పు కలిపి ఇచ్చి, తాగిన తరువాతే మాకు కబురు చెప్పడానికి పైకి వచ్చింది. తన మధ్యాహ్నపు మజ్జిగ అది. ఆమె పేరు అడగలేదు, ఏ గుడికి వెళుతుందో అడగలేదు. మంచి సమరయుని ఉపమానమును ఇరవై సంవత్సరాలుగా బోధిస్తున్న పాస్టరు దాటిపోగా, ఆమె ఆగింది.

నేను అతని పక్కన కూర్చొన్నాను. ఏమైందిరా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్న మాటలు ఇవి.

"వరదప్పుడు వచ్చావురా, బియ్యం తెచ్చావు. నీళ్లు తీశాక ఎవరూ రాలేదు. మిషను బాగు కాదన్నారు. అప్పు మాత్రం అలాగే ఉంది. పాత ఇనుము కింద అమ్మేశాను. ఏ ఆదివారం అమ్మానో తెలుసా? నువ్వు పుల్పిట్ మీద ఓపికతో పరుగెత్తుదాం అని చెప్పిన ఆదివారం. వెనక బెంచీలోంచి లేచి వెళ్లిపోయాను. నువ్వు చూడలేదు."

ప్రియులారా, నేను చూడలేదు. నా చేత శుభలేఖలు, కరపత్రాలు ఉచితంగా కూడా వేసిపెట్టిన మనిషి, అయిదు నెలలు మా మధ్యనే ఉండి మునిగిపోతుంటే నేను చూడలేదు. ఎందుకంటే నేను ముందున్నాను. ముందు పరుగెత్తేవానికి వెనుక ఉన్నవారు కనబడరు.

ఆ దినము మా పరుగు అక్కడితో ఆగిపోయింది. నెమ్మదిగా, అడుగు అడుగునా ఆగుతూ, నలుగురం పైకి ఎక్కాం. నేను ఇరవై నిమిషాల్లో ఎక్కిన దారికి గంటన్నర పట్టింది. ఆటో మాట్లాడుకొని జమ్మలమడుగు వచ్చి డాక్టరుకు చూపించాం. దేవుని కృపవలన ప్రమాదమేమీ లేదన్నారు. ఆ గంటన్నరలో నేను నేర్చుకొన్న మూడు సంగతులు ఇప్పుడు మీ ముందు పెడతాను.

మొదటిది: ఈ పరుగు ఒక్కడి పరుగు కాదు.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయము మొదటి వచనము మనందరికీ కంఠతా వచ్చు. ప్రతి భారమును, చిక్కులబెట్టు పాపమును విడిచిపెట్టి, మన ముందున్న పందెములో ఓపికతో పరుగెత్తుమని ఆ వచనము చెబుతుంది. దానిని చదివి మనము ఎవరికి వారే పరుగెత్తుతాం. కాని అక్కడ నువ్వు పరుగెత్తు అని లేదు, మనము అని ఉంది. ఇంకా కొంచెం క్రిందికి, 12, 13 వచనాల దాకా చదవండి. వడలిపోయిన చేతులను, సడలిపోయిన మోకాళ్లను బలపరచమని, కుంటికాలు బెణకక బాగుపడేటట్లు దారులు సరిచేయమని అక్కడ వ్రాసి ఉంది. పరుగు గురించి మొదలైన అధ్యాయము కుంటివాని దగ్గరకు వచ్చింది. మనము మొదటి వచనము దగ్గర పుస్తకము మూసేస్తున్నాం. నేను ఆ ఆదివారం అలాగే మూసేశాను.

మీ ఇంట్లో చూడండి. టెన్తు క్లాసు పిల్లవాడు లెక్కలలో వెనుకబడితే, పక్కింటి పిల్లవాని మార్కులు చెప్పి తోలుతున్నామా? భర్త ప్రార్థనలో చురుకుగా ఉండి, భార్య అలసి నిద్రపోతే, ఆత్మీయత లేదని అంటున్నామా? ఒక్క దినము గట్టిగా తోలితే మంద చచ్చిపోతుందని యాకోబు చెప్పాడు. గొఱ్ఱెలు కాచిన అనుభవముతో చెప్పాడు.

రెండవది: మాటకు ముందు రొట్టె.

నా స్నేహితుడు ఆ వేళ నీళ్లు తాగలేదా? తాగాడు. రెండు సీసాలు తాగాడు. మరి ఎందుకు పడిపోయాడు? గంటల తరబడి చెమట పట్టినప్పుడు నీళ్లతోబాటు ఒంట్లోని ఉప్పు కూడా పోతుంది. అప్పుడు ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తములో ఉప్పు ఇంకా పలచబడుతుంది. తలనొప్పి, వికారం, తరువాత మాట తడబడడం, మరీ ఎక్కువైతే ప్రాణమే పోవచ్చు. 2002లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవారిలో 488 మందికి రక్తపరీక్ష చేస్తే, నూటికి 13 మందిలో ఉప్పు ఉండవలసిన దానికంటే తక్కువగా ఉన్నదని తేలింది. మన తాతలకు ఈ పరిశోధనలు తెలియవు. అయినా ఎండలో నాట్లు వేసే కూలీలకు ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ ఇచ్చారు.

మీరు లోకమునకు ఉప్పయి ఉన్నారని మన ప్రభువు చెప్పాడు. మన సంఘాల్లో నీళ్లు చాలా ఉన్నాయి, ప్రియులారా. ప్రసంగాలు, పాటలు, ఉపవాస కూటాలు, ఉజ్జీవ కూటాలు ప్రవాహంగా ఉన్నాయి. అలసినవానికి ఇంకొక ప్రసంగం పోస్తున్నాం. వానికి కావలసినది చిటికెడు ఉప్పు. ఒక మనిషి వచ్చి పక్కన కూర్చోవడం, అప్పు ఎంత ఉంది, వడ్డీ ఎంత అని అడగడం.

ఏలీయా బదరీవృక్షము క్రింద పడుకొని చావును కోరుకొన్నప్పుడు దేవుడు ఏమి చేశాడు? 1 రాజులు 19వ అధ్యాయము చదవండి. దూత వచ్చి ఉపదేశము చేయలేదు, నీ విశ్వాసము ఏమైంది అని గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి తలదగ్గర పెట్టి, లేచి తిను అన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకొన్నాడు. దూత కోపపడలేదు, రెండవసారి వచ్చి లేపాడు. ఈ ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొన్నాడు. దేవుని మెల్లని స్వరము నలభై దినాల తరువాత వినబడింది. రొట్టె ముందు వచ్చింది.

మూడవది: వెనుక ఒకరు ఉండాలి.

దూరపు పరుగు పందెములు నిర్వహించేవారు ఒక పద్ధతి పాటిస్తారు. అందరికంటే చివర పరుగెత్తడానికి ఒకరిని నియమిస్తారు. అతనిని స్వీపర్ అంటారు. వెనుక ఒక్కరు కూడా మిగిలిపోకుండా చూడడమే అతని పని. అతనికి కప్పు రాదు, ఫొటో రాదు. మన ఊళ్లో స్వీపర్ అంటే వీధులు ఊడ్చేవారిని పిలుస్తాం, ఆ పేరును చిన్నచూపు చూస్తాం. అయితే ఇశ్రాయేలీయుల ప్రయాణములో ఆ పని ఎవరు చేశారో తెలుసా? యెషయా 52:12లో, ముందు నడిచే దేవుడే వెనుక కాపలా కూడా అని ప్రవక్త చెప్పాడు. ఎఱ్ఱ సముద్రము దగ్గర ముందున్న దేవదూత వెనుకకు వచ్చి నిలిచాడు. ఎందుకు? ద్వితీయోపదేశకాండము 25:17-18 చదివితే తెలుస్తుంది. అమాలేకీయులు వచ్చి కొట్టినది ముందు నడిచే బలవంతులను కాదు. అలసి, సొలసి వెనుకబడిన బలహీనులను కొట్టారు. శత్రువు ఎప్పుడూ మంద తోక మీదనే పడతాడు. మన పెద్దలందరూ ముందు బెంచీల్లో కూర్చుంటే వెనుక బెంచీని ఎవరు చూస్తారు?

గ్రాండ్ కాన్యన్ చరిత్రలో ఒక సంగతి ఉన్నది. 1869లో జాన్ వెస్లీ పావెల్ అనే ఆయన తొమ్మిదిమందితో, నాలుగు పడవలతో ఆ లోయ గుండా ప్రవహించే కొలరాడో నదిని పరిశోధించడానికి బయలుదేరాడు. మెథడిస్టు బోధకుని కుమారుడు. యుద్ధములో కుడి చెయ్యి పోగొట్టుకొన్నవాడు. మూడు నెలల ప్రయాణములో ఒక పడవ బద్దలైంది, ఆహారము చాలా వరకు పోయింది, ఒకతను మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆగస్టు చివర ఒక భయంకరమైన నీటి సుడుల దగ్గరకు చేరారు. ముగ్గురు, ఇక మేము రాలేము, కొండ ఎక్కి వెళ్లిపోతాం అన్నారు. ఆగస్టు 28న విడిపోయారు. పావెల్, మిగిలిన అయిదుగురు ఆ సుడులు దాటారు, ఆగస్టు 30న లోయ దాటి మనుషుల మధ్యకు చేరారు. వెళ్లిపోయిన ముగ్గురు మళ్లీ ప్రాణాలతో కనబడలేదు. రెండే రెండు దినముల దూరములో విడిపోయారు.

ఈ కథను చెప్పి, చూశారా, విశ్వాసము విడిచినవారి గతి అని భయపెట్టడం సులభం. నాకు ఆ కథలో వేరొక సంగతి కనబడింది. ముందుకు వెళ్లినవారు ఆ ముగ్గురిని తిట్టలేదు. వంటవాడు వారి కోసం రొట్టెలు చేసి రాతి మీద పెట్టాడు. పావెల్ తన సొంత పడవను ఒడ్డున వదిలిపెట్టాడు, మనసు మారితే దానిలో రావచ్చునని. సుడులు దాటిన తరువాత తుపాకులు కాల్చి, మేము క్షేమంగా దాటాము, రండి అని గుర్తు తెలిపి, కొంతసేపు కనిపెట్టాడు. వారు రాలేదు. అయినా పడవ వారి కోసం అక్కడ ఉన్నది. మీ సంఘము విడిచి వెళ్లినవారి కోసం మీరు ఏ పడవ వదిలారు? వారు తిరిగి వస్తే, ఇన్నాళ్లు ఎక్కడికి వెళ్లావు అని అడుగుతామా, లేక కూర్చోమని చోటు ఇస్తామా?

చివరిగా మన ప్రభువును చూడండి. ఆయన తిరిగి లేచిన ఆదివారమున ఇద్దరు శిష్యులు యెరూషలేము విడిచి ఎమ్మాయుకు నడుస్తున్నారు. దాదాపు 11 కిలోమీటర్ల దారి. ఆశ పోగొట్టుకొని, ముఖాలు వాడ్చుకొని, సంఘము ఉన్న వైపునకు వీపు త్రిప్పి నడుస్తున్నారు. మరణమును గెలిచినవాడు ఆ దినమున ఎంత వేగముగానైనా వెళ్లగలడు. కాని ఆయన వారి ప్రక్కకు వచ్చి, వారి అడుగులో అడుగు వేసి, వారు వెళ్లే తప్పు దిక్కునకే వారితో నడిచాడు. ఏమి జరిగిందని అడిగాడు, అంతా వారి నోట విన్నాడు. తరువాతనే లేఖనములు వివరించాడు. బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు వారి కన్నులు తెరవబడ్డాయి. అప్పుడు ఆ కాళ్లకే బలము వచ్చింది, ఆ రాత్రే యెరూషలేముకు తిరిగి వెళ్లారు. మన రక్షకుడు వెనుకబడినవాని అడుగున నడిచే రక్షకుడు. అలా కాకపోతే నేనూ, మీరూ ఈ వేళ ఎక్కడ ఉండేవాళ్లం?

నా స్నేహితుని సంగతి ఏమైందని మీరు అడుగుతారు. గొప్ప సాక్ష్యము చెప్పాలని నాకూ ఉంది. కాని ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ప్రెస్ తిరిగి రాలేదు. ఇప్పుడు వేరొకరి ప్రెస్‌లో జీతానికి పని చేస్తున్నాడు. అప్పులో కొంత స్నేహితులము కలిసి తీర్చాం, కొంత మిగిలి ఉంది. కొన్ని ఆదివారాలు వస్తాడు, కొన్ని ఆదివారాలు రాడు. వచ్చినప్పుడు వెనుక బెంచీలోనే కూర్చుంటాడు. ఆరాధన మొదలయ్యేముందు నేనూ వెళ్లి ఆ బెంచీలో రెండు నిమిషాలు కూర్చొని వస్తాను. గండికోటలోనే అతనిని క్షమాపణ అడిగాను. "సర్లేరా, ముందు ఎక్కు" అన్నాడు. నేను ముందు ఎక్కలేదు.

పొద్దుటి పరుగు ఇంకా ఉన్నది. ఒక్క మార్పు చేసుకొన్నాం. ఇప్పుడు ముందు పరుగెత్తేది అతను. అతని వేగమే మా నలుగురి వేగం. నేను చివర ఉంటాను. బ్యారేజి మీద ఇదివరకటికంటే చాలాసేపు పడుతుంది. ఆ సమయములో మాట్లాడుకొంటాం.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఈ వారము నువ్వు చేయవలసిన పని ఒక్కటే. మీ ఇంట్లో గాని, మీ సంఘములో గాని, మీ వీధిలో గాని, కొంచెం ఆగి వస్తాను, మీరు వెళ్లండి అని అన్నవారు ఎవరో గుర్తు తెచ్చుకో. చావు ఇంటికి మొదటి దినము అందరూ వెళతారు, నువ్వు నలభయ్యో దినము తరువాత వెళ్లు. ఆసుపత్రికి ఆపరేషను రోజు అందరూ వస్తారు, నువ్వు బిల్లు కట్టే రోజు వెళ్లు. చేతిలో క్యారేజీతో వెళ్లు. బైబిలు సంచిలో ఉండనివ్వు, అడిగితే తియ్యి. ముందు కూర్చో. విను.

ఒకవేళ రాయి నీడన కూర్చొన్నది నువ్వే అయితే, నీకు ఒక మాట. అందరూ పైకి వెళ్లిపోయారని అనుకోవద్దు. వెనుక ఒకడున్నాడు. ఆయన నిన్ను దాటి వెళ్లడు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, ముందు నడుస్తూ వెనుకవారిని మరచిన మా పాపము క్షమించుము. నీళ్లు తీసిన తరువాత వెళ్లని మా కాళ్లను క్షమించుము. ఈ మాటలు వింటున్న, చదువుతున్న బిడ్డలలో అప్పుల క్రింద, దుఃఖము క్రింద, రోగము క్రింద వెనుకబడినవారి ప్రక్కకు నీవే వచ్చి నడువుము. మా వేగము తగ్గించుము. పిల్లల అడుగునుబట్టి, అలసినవారి అడుగునుబట్టి నడుచు కాపరి మనసు మాకు దయచేయుము. ఎమ్మాయు దారిలో నడచిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృపయు, తండ్రియైన దేవుని ప్రేమయు, పరిశుద్ధాత్మ సహవాసమును మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.